దిండు గలీబు మీద చుక్క

వరద నీళ్ళు మా షెడ్డు షట్టరు సగం దాకా వచ్చి పోయిన రెండో ఏడు జరిగిన సంగతి ఇది. మా వీధిలో పెళ్ళిళ్ళు, పుట్టుకలు, బట్టతలలు అన్నిటికీ ఆ వరదే గుర్తు. మా బావమరిది జుట్టు వరదకు ముందే ఊడటం మొదలుపెట్టింది. వాడు మాత్రం నేరం నీళ్ళ మీదికి నెడతాడు.

షెడ్డు అన్నయ్యది, నాది. పై అంతస్తులో అన్నయ్య, వదిన ఉంటారు. వెనక సందులో నేను, నా భార్య, మాతోపాటు ఆమె తమ్ముడు. వాడు బండ్లకు రంగులు వేస్తాడు. ఇంజను లోపలి పని అన్నయ్యది. పైన కవర్లు బిగించడం, వాటి కింద ఆయిలు కారకుండా ప్యాకింగు అట్టలు కోసి వేయడం నాది. వచ్చినవాళ్ళతో మాట్లాడే పని కూడా అన్నయ్యదే. నాకు అది చేతకాదు.

ఆ ఏడు పళ్ళ డాక్టరు కారు వచ్చింది. వచ్చింది అనకూడదు, నలుగురు తోసుకొచ్చారు. ఆయన తాత కొన్న కారు. బానెట్టు ఎత్తితే ఎలుక ఒకటి మమ్మల్ని తేరిపార చూసి, తీరిగ్గా దిగి వెళ్ళిపోయింది. డాక్టరుగారు మంచి మనిషి. నోరు తెరుచుకుని కూర్చుని బదులు చెప్పలేనివాళ్ళతో పొద్దస్తమానం మాట్లాడి అలవాటైనవారు కాబట్టి నాతో బాగా కుదిరింది. ప్రశ్న ఆయనే వేసేవారు, జవాబు ఆయనే చెప్పుకునేవారు, నా తెలివికి ఆయనే మెచ్చుకునేవారు.

అన్నయ్య ఆ ఇంజనును మొత్తం విప్పి, కడిగి, అరిగినవి మార్చి మళ్ళీ కట్టాడు. ఆ కాలపు ఇంజన్లలో వెనకవైపు ఆయిలు ఆపడానికి ఇప్పటిలా రబ్బరు సీలు ఉండదు. తాడు ఉంటుంది. నూనెలో నానబెట్టిన పేనిన తాడును గాడిలో పరిచి, నున్నటి కడ్డీతో రుద్ది రుద్ది కూర్చోబెట్టాలి. చివర్లు ఎక్కువ కోసినా కారుతుంది, తక్కువ కోసినా కారుతుంది. అది సరిగ్గా కూర్చోలేదని తేలితే ఇంజను మొత్తం మళ్ళీ కిందికి దించాల్సిందే. ఆ పని అన్నయ్య తప్ప మా షెడ్డులో ఎవరూ ముట్టుకునేవారు కాదు.

ఆ పని నడుస్తుండగానే ఇంకో బండి ఫ్యాను అన్నయ్య చొక్కా చెయ్యి పట్టుకుంది. చొక్కా భుజం దాకా పోయింది. చెయ్యి మిగిలింది. వదిన మెట్ల మీది నుంచి చూసింది.

"ఇక చాలు, మానేయండి. కళ్ళు కనబడటం లేదు మీకు," అంది.

"నాకు బాగానే కనబడుతున్నాయి."

వదిన చెయ్యెత్తి చూపించింది. "ఎన్ని వేళ్ళు?"

"నీ చేతికి ఎన్నుంటే అన్ని."

ఆ రోజు నుంచి పైన, కింద, మెట్ల మీద అదే గొడవ.

ఇంజను మొదటిసారి స్టార్టు చేసిన రోజు అందరం అక్కడే ఉన్నాం. అది రెండుసార్లు దగ్గి అందుకుంది. బావమరిది ఇంజనుకంతా ఆకుపచ్చ రంగు వేసి, పైన ఆయిలు పోసే మూతకు మాత్రం ఎర్ర రంగు వేశాడు. కొత్త పెళ్ళికొడుకులా ఉందని వాడే అన్నాడు. డాక్టరుగారు చేతులు వెనక్కి కట్టుకుని చుట్టూ తిరిగారు.

"ఈ రకం ఇంజన్లు ఆయిలు కారకుండా ఉండవంటారు కదా," అన్నారు. "కారతాయి లెండి. పాతవి కదా."

ఆయన మామూలుగానే అన్నారు. అన్నయ్యకు మాత్రం గుచ్చుకుంది.

"నా చేతిలోంచి వెళ్ళినవి కారవండీ. ఇది ఒక్క చుక్క కారితే మళ్ళీ పానా ముట్టను."

మెట్ల మీది నుంచి వదిన గొంతు వినబడింది. "ఎవరెవరు విన్నారు?"

బావమరిది చెయ్యెత్తాడు. వాడి కాలు నేను తొక్కాను గానీ ఆలస్యమైంది.

ఆ సాయంత్రం వదిన ఉతికిన తెల్లటి దిండు గలీబు ఒకటి తెచ్చి ఇంజను కింద పరిచింది. నాలుగు మూలలా నాలుగు బోల్టులు పెట్టింది. అన్నయ్య ఈల వేసుకుంటూ చేతులు కడుక్కున్నాడు.

మర్నాడు అందరికంటే ముందు నేను వెళ్ళాను. బండి కింద దూరి చూశాను. గలీబు నడిమధ్య, బొట్టు పెట్టినట్టు, ఒక మరక. కాసేపు దాని వంక చూశాను. అది నా వంక చూసింది. గలీబును తిరగేసి, బోల్టులు ఎక్కడివక్కడ పెట్టి బయటికొచ్చాను.

వదిన దిగొచ్చి గలీబు చేతిలోకి తీసుకుంది. అటు చూసింది, ఇటు చూసింది. దాన్ని నా ముక్కు ముందు పట్టుకుంది.

"ఇది గుడ్డయ్యా, పలక కాదు. ఇటు పడ్డది అటు కూడా కనబడుతుంది. అందులోనూ నేను కుట్టు కింది వైపుకు పెట్టాను. పోనీ, తిరగేసే ముందు నీ చేతులైనా తుడుచుకోకపోయావా?"

చూస్తే నా వేళ్ళు నాలుగూ అచ్చుగుద్దినట్టు ఉన్నాయి. ఒక్క చుక్క కారిన చోట అయిదు మరకలు చేసిపెట్టిన ఘనత నాది.

ఆమె వెనకే ఈల వేసుకుంటూ దిగిన అన్నయ్య ఈల ఆపేశాడు. గలీబు తీసుకుని వెలుతురులో పట్టుకుని చూశాడు. వాసన చూశాడు. తరవాత లాయరులా మొదలుపెట్టాడు.

"చుక్క పడింది, నిజమే. ఎక్కడిది? నేను నా చేతి పని సంగతి అన్నాను. పైన కవర్లలోంచి వస్తే అది వీడి ప్యాకింగు. వీడి ప్యాకింగుకు నేనెందుకు మానేయాలి?"

"మీ ఇద్దరూ ఒకే షెడ్డు కాదూ?"

"షెడ్డు ఒకటే. చేతులు వేరు."

వదిన గలీబు ఆయన చేతిలోంచి లాక్కుంది. "సరే. వెతకండి. వెనకనుంచి వచ్చిందని తేలితే మాత్రం ఇంకో మాట లేదు. మీరే పైకొచ్చి కూర్చోవాలి."

"కూర్చుంటాను," అన్నాడు అన్నయ్య. ఆ మాట అనేటప్పుడు ఆయన నా వైపు చూడలేదు.

ఆ చుక్క పడిన చోటు వెనక తాడుకు సరిగ్గా కింద.

ఆయిలు ఎక్కడ పుడుతోందో కంటితో పట్టుకోవడం కష్టం. ఒకచోట పుట్టి, అంచు పట్టుకుని పాకి, ఇంకెక్కడో దిగుతుంది. అందుకని ఇంజనును కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి, మొహానికి రాసుకునే పౌడరు చల్లి నడపాలి. ఎక్కడ ముందు తడిస్తే అక్కడే పుట్టుక. మా ఆవిడ పౌడరు డబ్బా తెచ్చాను. ఆవిడ దానికోసం ఇల్లంతా వెతుకుతుంటే బావమరిది వెళ్ళి, "బావ ఇంజనుకు రాస్తున్నాడక్కా," అని చెప్పాడు. ఆ మధ్యాహ్నం నాకు అన్నంతోపాటు ఇంకా చాలా వడ్డించారు.

పౌడరు పూసుకుని ఇంజను తెల్లగా, మల్లెల వాసనతో నిలబడింది. స్టార్టు చేశాం. కాసేపటికి పైన కవరు అంచున తడి కనబడింది. నా ప్రాణం లేచొచ్చింది.

"నాదే, నాదే," అన్నాను.

"తప్పు చేసి ఇంత సంబరపడేవాణ్ణి నేనెక్కడా చూడలేదు," అంది వదిన.

కొత్త ప్యాకింగు కోసి వేశాను. కడిగాం, పౌడరు చల్లాం, నడిపాం. పైన పొడిగానే ఉంది. పక్కవైపు మూసే రేకు పలక దగ్గర తడిసింది. అదీ నాదే. దాన్నీ విప్పి కొత్త ప్యాకింగు వేశాను. మళ్ళీ పౌడరు. ఈసారి పక్కన కూడా పొడి. నేను చెయ్యి తుడుచుకుంటుంటే అన్నయ్య కిందికి వంగి, టార్చిలైటు నా చేతికిచ్చి, తను మాత్రం వేలు పెట్టి వెనకవైపు తడిమాడు. వేలికి తడి పౌడరు ముద్ద అంటుకుంది.

"వెనకే," అన్నాడు.

టార్చి వేసి చూశాను. పౌడరు కరిగి, తాడు ఉన్న చోటి నుంచి కింది దాకా సన్నటి నల్లటి చార. ఇంతకుముందు కంటే ఎక్కువే కారుతోంది.

బావమరిది వెళ్ళి ఇంజను ఆపాడు.

అన్నయ్య చేతులు కడుక్కున్నాడు. సబ్బు రెండుసార్లు వేసుకున్నాడు. తన పానాలు వరసగా పెట్టాడు, చిన్నది నుంచి పెద్దది దాకా. "డాక్టరుగారికి కబురు పెట్టు. ఇంజను మళ్ళీ దించాలి. తాడు నువ్వు వెయ్యి," అని మెట్లెక్కాడు. వదిన పక్కకు తప్పుకుని దారిచ్చింది. గెలిచినదానిలా లేదు ఆమె మొహం.

వాళ్ళు పైకి వెళ్ళాక నేను బండి దగ్గరే ఉండిపోయాను. ఆ తాడు ఆయన కూర్చోబెడుతుంటే నేను పక్కనే ఉన్నాను. ఆయన చేతి కింద అది కదలడం చూశాను. అది కారడమేమిటో నాకు మింగుడు పడలేదు. మళ్ళీ మొత్తం కడిగాను. మళ్ళీ పౌడరు, డబ్బా అడుగు గీకి చల్లాను. పరీక్షల్లో కారిందంతా పోను లోపల ఆయిలు తగ్గి ఉంటుంది కదా అని, ఇంజను నడుస్తుండగానే ఎర్ర మూత తిప్పి తీసి బల్ల మీద పెట్టి, కొంచెం కొంచెం పోయడం మొదలుపెట్టాను. అప్పుడే మా ఆవిడ సందులోంచి పౌడరు డబ్బా గురించి మళ్ళీ అడిగింది. దానికి జవాబు చెప్పి వచ్చేసరికి చాలాసేపు పట్టింది.

వచ్చి కిందికి వంగి చూస్తే వెనక పొడిగా ఉంది. వేలు పెట్టాను. వేలికి తెల్లటి పౌడరే అంటింది. ఇంజను అంతసేపూ నడుస్తూనే ఉంది.

నాకేమీ అర్థం కాలేదు. దానంతటదే నయమైందేమో అనుకున్నాను. మనుషులకు అవుతుంది కదా. ఇంజను ఆపి, షట్టరు దించి, అన్నం తిని పడుకున్నాను.

పొద్దున్నే పైకెళ్ళి అన్నయ్యను పిలిచాను. "కారడం లేదు. వచ్చి చూడు."

"నన్ను ఊరడించకు."

"చూడు."

వదిన ముందు దిగింది, వెనక ఆయన. ఇంజను దించే సంగతి మాట్లాడదామని డాక్టరుగారు కూడా వచ్చారు. బావమరిది అప్పటికే షెడ్డు ఊడ్చి, బల్ల సర్ది, ఎందుకో చాలా హుషారుగా ఉన్నాడు. నేను పొడిగా ఉన్న చోటు అందరికీ చూపించి ఇంజను స్టార్టు చేశాను. అందరూ వంగారు. డాక్టరుగారు నోట్లోకి చూసినట్టే చూశారు.

అందరి కళ్ళ ముందే అక్కడ పౌడరు తడిసింది. నల్లటి చార నెమ్మదిగా దిగింది.

"బాగుందయ్యా," అంది వదిన. "పొద్దున్నే పిలిచి మరీ చూపించావు."

అన్నయ్య లేచి వెనక్కి తిరిగాడు. మెట్టు మీద కాలు పెట్టాడు. నేను ఇంజను వంక చూస్తున్నాను. ఆకుపచ్చ. పైన ఎర్ర మూత. నిన్న అది బల్ల మీద పెట్టినట్టు గుర్తు.

"ఒరేయ్," అన్నాను బావమరిదితో. "నువ్వేం ముట్టుకున్నావు?"

"నేనేం ముట్టుకోలేదు బావా."

"మూత ఎవరు పెట్టారు?"

"అదా, నేనే. అంత కష్టపడి రంగేస్తే బల్ల మీద పడేసి పోతావా? తుడిచి బిగించాను."

నేను వెళ్ళి మూత తిప్పి తీశాను. లోపలినుంచి బుస్సుమని గాలి నా మొహం మీద కొట్టింది. అందరినీ మళ్ళీ కిందికి వంగమన్నాను. వెనకవైపు గుడ్డతో తుడిచి, ఖాళీ డబ్బా తట్టితే రాలిన పౌడరు అద్దాను. చూస్తూ కూర్చున్నాం. తెల్లగానే ఉంది. మూత పెట్టాను. తడిసింది. తీసి తుడిచి మళ్ళీ అద్దాను. తెల్లగా ఉంది.

అన్నయ్య మెట్టు దిగొచ్చాడు. నా చేతిలోంచి మూత లాక్కుని తిరగేశాడు. వేలు లోపల తిప్పాడు. తరవాత దాన్ని నోటికి పెట్టుకుని ఊదాడు. బుగ్గలు ఉబ్బాయి, కళ్ళు బయటికొచ్చాయి, చెవులు ఎర్రబడ్డాయి. గాలి మాత్రం అటు వెళ్ళలేదు.

"ఇటివ్వండి," అని డాక్టరుగారు తీసుకుని ఊదారు. ఆయనకూ పోలేదు. నేనూ ఊదాను. వదినకు ఇవ్వబోతే, "మీ ముగ్గురి ఎంగిలి నాకెందుకు, అర్థమైంది," అంది.

ఆ ఇంజన్లకు ఊపిరి తీసే దారి ఆ మూతే. మూత చుట్టూ చిల్లులు, లోపల తీగ జల్లెడ ఉంటాయి. ఇంజను తిరిగేటప్పుడు లోపల పుట్టే ఒత్తిడి ఆ చిల్లుల్లోంచి పోతుంది. అవి మూసుకుపోతే గాలికి వేరే దారి లేక ఆయిలును ముందు పెట్టుకుని ఎక్కడ సందు దొరికితే అక్కడ తోస్తుంది. ముందు నేను బిగించిన పై కవరు దగ్గర తోసింది. దాన్ని గట్టిగా మూస్తే పక్క పలక. అదీ మూస్తే మిగిలింది వెనకవైపే. నేను ఒక్కో దారీ మూసుకుంటూ పోయి చివరికి అన్నయ్య నెత్తి మీద పడేశాను.

"చిల్లులేం చేశావురా?" అన్నాడు అన్నయ్య.

బావమరిది నీళ్ళు నమిలాడు. "లప్పం పెట్టాను పెద్ద బావా."

"ఎందుకు?"

"చిల్లులుంటే రంగు నున్నగా రాదు కదా. జల్లెడలా అసహ్యంగా ఉంది. అన్నిట్లో లప్పం కూరి, గీసి, పైన మూడు కోట్లు వేశాను. ఒక్క గీత కనబడితే చెప్పు."

ఒక్క గీత కూడా కనబడలేదు. రంగులవాడికి ఏ చిల్లు చూసినా లప్పం పెట్టబుద్ధవుతుంది. అద్దం ముందు నిలబెడితే తన ముక్కు చిల్లులకు కూడా పెట్టుకునేవాడు.

"అంటే ఇన్నాళ్ళూ," అన్నారు డాక్టరుగారు, "ముక్కు మూసి పన్ను పీకినట్టన్నమాట." ఆయన మాటకు ఆయనే నవ్వుకున్నారు. తరవాత మేమూ నవ్వాం. బావమరిది కూడా నవ్వబోతే వదిన వాడి నెత్తి మీద గలీబుతో ఒక్కటిచ్చింది.

మేకుతో లప్పం పొడిచి తీశాను. ఎర్ర రంగు పెచ్చులుగా లేచిపోతుంటే వాడు అటు తిరిగి నిలబడ్డాడు. చిల్లులు తెరుచుకున్నాక మూత కడిగి బిగించి, అన్నయ్య టీ తాగి గ్లాసు పెట్టేదాకా ఇంజను నడిపాం. వెనక పొడి. అన్నయ్య వేలు పెట్టి తడిమాడు. వేలు వెలుతురులో పట్టుకోలేదు. బొటనవేలితో రుద్ది చూసుకున్నాడు.

"నాది కాదు," అన్నాడు.

"కాదు," అన్నాను. నాకు నవ్వాగలేదు. "పానాలు తీసుకో. మూలన పడి ఉన్న ఆ ట్రక్కు ఇంజను విప్పాలి ఇవాళ."

ఆయన పానాల వంక చూశాడు. ఒకటి తీసి, చేతిలో బరువు చూసి, నాకిచ్చాడు.

"నువ్వు విప్పు. నేను మానేస్తున్నాను."

వదిన పైకి వెళ్ళబోతున్నదల్లా ఆగింది.

"మీది కాదని తేలింది కదా," అంది. "నా మాట నేను వెనక్కి తీసుకుంటాను. ఓడిపోయాను."

"అందుకే మానేస్తున్నాను. నిన్న మానేసి ఉంటే చెడగొట్టి పారిపోయినవాణ్ణి. ఇవాళ మానేస్తే మానేసినవాణ్ణి." గొంతు తగ్గించి నాతో అన్నాడు. "ఆ తాడు కూర్చోబెట్టేటప్పుడు కళ్ళు మూసుకున్నానురా. తెరిస్తే రెండు తాళ్ళు కనబడుతున్నాయి. ఏది కోయాలో తెలియలేదు. వేలితోనే వేశాను. బాగానే కూర్చుంది. ఇంకోటి అలా కూర్చుంటుందని నాకు నమ్మకం లేదు."

పానా పట్టుకుని నిలబడ్డాను.

"మరి ఆ ఫ్యాను?" అంది వదిన.

"కనబడలేదు. గాలి తగిలింది, అంతే."

"ఎన్ని వేళ్ళని అడిగితే వెటకారం చేశారు."

"చెయ్యే సరిగ్గా కనబడలేదు. వేళ్ళెక్కడ లెక్కపెట్టను?"

వదిన గలీబు మడత పెట్టింది. మళ్ళీ విప్పింది. మళ్ళీ మడత పెట్టింది. తరవాత డాక్టరుగారి వైపు తిరిగి, "కళ్ళు చూసే డాక్టరు ఎవరైనా తెలుసా మీకు? మీరేమో పళ్ళయిపోయారు," అంది. తెలుసన్నారాయన. ఆ సాయంత్రం ఆయన కారు ఆయనే నడుపుకుంటూ పోయారు. పక్క సీట్లో అన్నయ్య, వెనక సీట్లో వదిన. కళ్ళ డాక్టరు ఇంటి దాకా వీధంతా మల్లెల వాసన వచ్చిందని వదిన తరవాత చెప్పింది.

మర్నాడు పొద్దున నేను షట్టరు ఎత్తాను. ట్రక్కు ఇంజను ముందు కూర్చుని మొదటి బోల్టు మీద పానా వేశానో లేదో, అన్నయ్య మెట్లు దిగొచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. తల దువ్వుకున్నాడు. వచ్చినవాళ్ళు కూర్చునే కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"ఏమయ్యా మేస్త్రీ, ఎప్పటికవుతుంది?" అన్నాడు.

నేను పానా తిప్పబోయాను.

"ఆ బోల్టు కాదు, ముందు పక్కది విప్పాలి. అడిగేవాళ్ళు లేరని ఇష్టమొచ్చినట్టు విప్పేస్తే ఎలా?"

అంటూ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఇంకొంచెం జరుపుకున్నాడు. చెయ్యి ఇంజను మీదికి వచ్చింది. నేను లేచి, కుర్చీని ఆయనతో సహా వీధి గుమ్మం దాకా లాగి, ఆయన తిడుతుండగానే తిరిగొచ్చి, ఆయన చెప్పిన పక్క బోల్టే ముందు విప్పాను.